తీగకు పోసిన సాకే

"విషం పెట్టే మనిషి కత్తెర ఇలా పట్టదు," అంది మినోరి, పందిరి కింద మెడ వెనక్కి వాల్చి పైకి చూస్తూ.

"ఈ మాట కోర్టులో చెప్పు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ తొగాషి. "జడ్జిగారు నవ్వి చాలా రోజులైంది."

ఇద్దరూ ఒకే బడిలో, ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లు. ఆ బెంచీ మధ్యలో గీత గీసింది మినోరి. ఆ గీత దాటి ముక్కు పగలగొట్టించుకున్నది తొగాషి. ఇప్పుడతను ఫుకాసె ఊరికి ఇన్‌స్పెక్టరు, ఆమె అదే ఊళ్లో ప్రైవేటు డిటెక్టివు. తప్పిపోయిన పిల్లుల కేసుల్లో మినోరికి ఓటమి లేదు. ఒక పిల్లిని వెతకమంటే మూడు తెచ్చి ఇచ్చిందనీ, వాటిలో ఒకటి అసలు తప్పిపోనే లేదనీ ఊళ్లో చెప్పుకుంటారు. ఆ మాట ఊళ్లో పుట్టించింది కూడా ఆమే.

ఈసారి పోయింది పిల్లి కాదు, చిసాతో అనే స్నేహితురాలు. ఆ బెంచీ మీద కూర్చున్న మూడో మనిషి. మామగారికి విషం పెట్టిందని నిన్న లాకప్పులో వేశారు. ఈ సాయంత్రం వ్యాను వచ్చి ఆమెను జిల్లా ప్రాసిక్యూటరు దగ్గరికి తీసుకుపోతుంది. ఆ వ్యాను ఎక్కినవాళ్లు మళ్లీ ఊరి ముఖం చూడటం అంత తేలిక కాదు.

పొద్దున్న మినోరి లాకప్పుకి వెళ్లి, ఏదో ఒకటి చెప్పవే అని బతిమాలింది. చిసాతో చెప్పింది ఒకే ముక్క.

"తొగాషికి నేను జవాబు చెప్పేదేంటే? చిన్నప్పుడు మా పుట్టింటి పెరట్లో ఫుజి తీగ వేరు చూసి ముల్లంగి అనుకుని కొరికిన మొహం వాడిది."

అదీ ఆమె వాంగ్మూలం మొత్తం.

ఇక కేసు సంగతి. ఫుకాసె ఊళ్లో ప్రతి ఇంటికీ ఫుజి పందిరి ఉంటుంది. పందిరి లేని ఇంటిని పోస్ట్‌మ్యాన్ కూడా ఖాళీ స్థలం కిందే లెక్కేస్తాడు. ఏప్రిల్ చివర్లో ఆ పందిళ్ల నిండా ఊదారంగు పూల గెలలు దిగుతాయి. అందరికంటే పొడుగు గెలలు ఉబుకత గెంపాచి పెరట్లో ఈ పందిరివి. ఆయనే చిసాతో మామగారు, రిటైరైన రైల్వే స్టేషన్ మాస్టరు, వయసు ఎనభై దాటింది. ఆయన గెలలు తలకి తగలకుండా నడవాలంటే మోకాళ్ల మీద పాకాలని ఆయనే చెప్తాడు. నిజానికి కాస్త తల వంచితే చాలు.

పూలు రాలాక తీగకి కృతజ్ఞతగా ఎరువు వెయ్యడం ఊరి ఆచారం. మిగతావాళ్లు పిండిచెక్కో, ఎముకల పొడో వేస్తారు. గెంపాచి మాత్రం ఫుజి సంఘం సభ్యులందర్నీ పిలిచి, అందరూ చూస్తుండగా ఒక పెద్ద సీసా సాకేని, అంటే బియ్యపు సారాని, తీగ మొదట్లో పోస్తాడు. "నేను మందు మానేశాను. నా వాటా నా తీగ తాగుతుంది, అందుకే అంత పొడుగు పూస్తుంది," అని ఏటా అదే ఉపన్యాసం. మొన్న పొద్దున్న కూడా పోశాడు, ఉపన్యాసమూ ఇచ్చాడు. తర్వాత కోడలు వండిన అన్నమూ సూపూ తిన్నాడు. తిన్నచోటే పడిపోయాడు. ఆస్పత్రిలో ఆయన కడుపులోంచి కలుపు మందు బయటపడింది. మనిషి మాత్రం బతికాడు.

"చూడు తొగాషీ," అంది మినోరి, పందిరి మీదికి వేలు చూపిస్తూ. "ఇటువైపు వాడిపోయిన గెలలన్నీ మొదట్లో నున్నగా కత్తిరించి ఉన్నాయి. అటు సగం అలాగే ఉన్నాయి. మధ్యలో నిచ్చెన. నీ మనుషులు వచ్చేసరికి చిసాతో నిచ్చెన మీద ఉంది కదూ?"

"ఇన్‌స్పెక్టర్ గారూ అను."

"ఇన్‌స్పెక్టర్ గారూ, గెలలు కత్తిరించకపోతే కాయలు కడతాయి. బలమంతా గింజల్లోకి పోయి వచ్చే ఏడు పూత పలచబడుతుంది. వచ్చే ఏడు పూత కోసం నిచ్చెనెక్కిన మనిషి, ఈ ఏడే జైలుకి పోవాలని ఎందుకనుకుంటుంది?"

"తీగంటే ఆవిడకి ప్రేమట!" తొగాషి జేబుల్లో చేతులు పెట్టుకున్నాడు. అతను జేబుల్లో చేతులు పెట్టుకున్నాడంటే గెలిచానని అనుకుంటున్నాడని అర్థం. "చలికాలంలో ఈవిడ పలుగూ పారా తీసుకుని తీగ చుట్టూ కందకం తవ్వి, వేళ్లు తెగ్గొట్టింది. ఇరుగుపొరుగు ముగ్గురు చూశారు. వేళ్లు ఇంటి పునాది కింద దూరాయి, కొమ్మలు పెంకులు లేపేస్తున్నాయి, తీసేద్దామని ఈవిడ, తియ్యనని ముసలాయన. తీగని చంపబోయింది, కుదర్లేదు. మనిషిని చంపబోయింది."

"ఆ ముగ్గురి పందిళ్లూ ఈ ఏడు పూశాయా?"

"దానికీ దీనికీ..."

"పూయలేదు. ఆకులే. ఫుజికి కొవ్వెక్కితే పూత మానేసి ఊరి మీద పడి తిరుగుతుంది. చలికాలంలో చుట్టూ కాస్త వేళ్లు కోస్తే భయపడి పూస్తుంది. నీలాగే. నీ ముక్కు నేను పగలగొట్టిన ఏడే కదా నువ్వు క్లాసులో ఫస్టొచ్చావు?"

తొగాషి చెయ్యి జేబులోంచి బయటికొచ్చి ముక్కు తడుముకుని మళ్లీ లోపలికెళ్లింది.

"కొట్టంలో కలుపు మందు డబ్బా ఉంది," అన్నాడు.

"మూత తీసి చూశావా?"

తెప్పించాడు. తీయబోయాడు. రాలేదు. మోకాళ్ల మధ్య పెట్టుకుని తిప్పాడు. మెడ నరాలు ఫుజి కొమ్మల్లా ఉబ్బాయి. మూత ఎప్పుడో తుప్పుతో డబ్బాని పెళ్లాడి కాపురం చేస్తోంది. విడాకులకి ఒప్పుకోలేదు.

"ఇందులోంచి విషం తియ్యాలంటే చిసాతోకి వెల్డింగ్ మిషను కావాలి," అంది మినోరి.

"ఇంకో డబ్బా కొని ఉంటుంది. నా మనుషులందర్నీ ఊళ్లో చెత్తకుండీలు వెతకమన్నాను. దొరుకుతుంది."

మినోరి అతన్ని వదిలేసి తీగ మొదలు దగ్గర బోర్లా పడుకుంది. మట్టికి ముక్కు ఆనించి పెద్ద ఊపిరి తీసింది. తొగాషి అటు తిరిగి నిలబడ్డాడు, తనకీ ఈవిడకీ పరిచయం లేనట్టు.

సాకే పోసిన మట్టి రెండు రోజులైనా పెళ్లింటి మేనమామలా గుబాళిస్తుంది. ఈ మట్టి మట్టి వాసనే వేస్తోంది. చీమ కూడా లేదు. పందిరి గుంజకి ఆనించి పెట్టిన ఖాళీ సీసా తీసి మూత తిప్పింది. వాసన చూసింది. మళ్లీ చూసింది. తన ముక్కు మీద నమ్మకం ఉన్న మనిషే అయినా, న్యాయంగా ఉండాలని మూడోసారి కూడా చూసింది.

కుళాయి నీళ్లు.

మూత బిగించి సీసాని చంకలో పెట్టుకుంది.  

అప్పుడే గేటు దగ్గర ఎవరో దగ్గారు. కురొసు హెయికిచి. ఫుజి సంఘం అధ్యక్షుడు. ఏటా ఫుజి పూల పోటీలో మొదటి బహుమతి గెంపాచిది, రెండోది ఆయనది. రెండో బహుమతి కప్పుల్ని వరసగా పేర్చి వాటి మీద ఒక చిన్న షెడ్డు కట్టుకోవచ్చు. చేతిలో బియ్యపు అప్పడాల పొట్లం ఉంది.

"గెంపాచిని పలకరిద్దామని," అన్నాడు.

"ఆస్పత్రి అటువైపండీ," అంది మినోరి.

"తెలుసమ్మా. ముందు తీగని చూసిపోదామని." అప్పటికే పందిరి కిందికి వచ్చేశాడు. ఒక ఆకుని వేళ్ల మధ్య పెట్టి నలిపాడు. ఇంకో ఆకు. మొదలు దగ్గర వంగి చూశాడు. "ఆకులేమీ రాలట్లేదా?"

"మే నెల్లో ఎందుకు రాలతాయి?"

"అదే... యజమాని లేడు కదా. బెంగ."

"బెంగా? అటు చూడండి."

తొగాషి మనుషులు నిన్న పందిరి చుట్టూ పసుపు పట్టీ కట్టి పోయారు. ఒక లేత తీగ దాన్ని అప్పుడే రెండు మెలికలు చుట్టేసి, నిచ్చెన వైపు చెయ్యి చాస్తోంది. ఇంకో రోజు ఆగితే ఇన్‌స్పెక్టర్ని కూడా చుట్టేసేలా ఉంది. హెయికిచి ఆ లేత కొస వంక చూసిన చూపు, అప్పు తీర్చకుండా ఎదురుపడ్డ బాకీదారుణ్ణి చూసే చూపు.

"ఇంకా... బాగానే ఉందే," అన్నాడు నీరసంగా.

"మొన్న పోసిన సాకే మీరిచ్చిందేనటగా?"

"ఏటా నేనే ఇస్తాను." ఆయన ఛాతీ కాస్త ముందుకొచ్చింది. "పోటీ పోటీయే, మర్యాద మర్యాదే."

"ఆయన నిజంగా మందు మానేశారంటారా? నాకెందుకో నమ్మకం లేదు."

హెయికిచి గుర్రుగా చూశాడు. "చూడమ్మాయ్. గెంపాచి పొగరుబోతు. నా పందిరిని చూసి 'కూరగాయల పాదు బాగుంది' అన్నాడు, అందరి ముందూ. వాడితో నాకు మాటల్లేవు. కానీ వాడు స్టేషన్ మాస్టరుగా ఉన్నన్నాళ్లూ ఊరు వాడి రైళ్లని చూసి గడియారాలు సరిచేసుకుంది. వాడు తాగనన్నాడంటే తాగడు. తీగకి పోశానన్నాడంటే ఆఖరి చుక్కదాకా తీగకే."

"అంత నమ్మకమా?"

"నా మీద నాకంత లేదు," అని, అప్పడాల పొట్లం అక్కడే మర్చిపోయి వెళ్లిపోయాడు.

మినోరి పొట్లం విప్పి ఒక అప్పడం కొరికింది. "తొగాషీ, కారు తియ్యి. ఆస్పత్రికి."

"నాకేం పని?"

"రాకపోతే రేపు పేపర్లో చదువుకుంటావు. అందులో నీ ఫోటో బాగా రాదు."

* * *

వార్డులో నాలుగు మంచాలు. గోడ మీద టీవీలో సుమో కుస్తీలు నడుస్తున్నాయి. మిగతా ముగ్గురు రోగులూ తమ జబ్బులు మర్చిపోయి చూస్తున్నారు. గెంపాచి దిళ్లకి ఆనుకుని, సెలైన్ గొట్టాన్ని పతకంలా మెడ పక్కనుంచి వేలాడేసుకుని కూర్చున్నాడు.

"రా పిల్లా. డాక్టరు ఏమన్నాడో విన్నావా? నా చోట ఇంకొకడుంటే ఆరుసార్లు చచ్చేవాడట."

"ఆరేనా తాతయ్యా? మీ స్థాయికి తక్కువ చెప్పాడు." మినోరి సీసా తీసి దుప్పటి మీద పెట్టింది. "ఇందులోంచి మొన్న తీగకి ఏం పోశారు?"

"సాకే. ఊరంతా చూసింది."

"ఊరు చూసింది. వాసన చూడలేదు. నేను చూశాను. నీళ్లు."

గెంపాచి గడ్డం పైకి లేచింది. "అమ్మాయ్, నేను మందు ముట్టి పదిహేనేళ్లు. మా ఆవిడ పోయిన రోజున ఆమె ఫోటో ముందు ఒట్టేశాను. నా మాటకి రైళ్లే ఆగేవి."

"విన్నావుగా?" అన్నాడు తొగాషి. "పద."

మినోరి కదల్లేదు. "చిసాతో మిమ్మల్ని చూడ్డానికి వచ్చిందా తాతయ్యా?"

"రాలేదు. అలిగి ఉంటుంది. గెలలు కత్తిరించే పని సగంలో ఉంది కదా, అది కానిదే దానికి అన్నం సయించదు." ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, చూడనట్టు ముఖం తిప్పేసుకున్నాడు. "రానీలే. వచ్చినప్పుడే వస్తుంది."

"మినోరీ," అన్నాడు తొగాషి మెల్లగా. "పేషెంటుకి చెప్పొద్దని డాక్టరు..."

"మీ కోడలు లాకప్పులో ఉంది తాతయ్యా. మీకు విషం పెట్టిందని. ఈ సాయంత్రం జిల్లాకి పంపేస్తున్నారు. మీరు తిన్నది ఆమె వండిన అన్నమొక్కటే కాబట్టి విషం అందులోనే ఉందని ఈ ఇన్‌స్పెక్టర్ గారి లెక్క. మీరు ఇంకేమీ తాగలేదని మీరే అంటున్నారు కదా, మరి లెక్క సరిపోయింది."

టీవీలో ఒక పహిల్వాను ఇంకొకణ్ణి వలయం బయటికి తోశాడు. పక్క మంచాలవాళ్లు చప్పట్లు కొట్టారు. గెంపాచి దుప్పటి మీది సీసాని పక్కకి నెట్టాడు. తర్వాత రెండు చేతులూ ఊని నిటారుగా కూర్చున్నాడు. వంగిన నడుము ఎక్కడికి పోయిందో గాని పోయింది. గొంతు సవరించుకుని, ప్లాట్‌ఫారం ఆ చివరి దాకా వినపడే గొంతుతో ప్రకటించాడు.

"నేను తాగాను!"

ముగ్గురు రోగులూ ఇటు తిరిగారు. ఒక నర్సు తలుపులోంచి తొంగి చూసింది.

"ఏటా తాగుతున్నాను! పొద్దున్నే కొట్టం వెనక కూర్చుని తాగేసి, సీసా కడిగి నీళ్లు నింపుతాను. నా తీగ పుట్టి బుద్ధెరిగాక సాకే చుక్క ఎరగదు. చలికాలంలో ఏ మొగ్గ ఉంచాలో ఏది తియ్యాలో, ఎండాకాలంలో ఏ కొమ్మ ఎక్కడ కొయ్యాలో అన్నీ మా కోడలు చేసింది. పేరు నేను కొట్టేశాను. రాసుకోవయ్యా ఇన్‌స్పెక్టరూ! స్పష్టంగా రాసుకో!"

తొగాషి రాసుకోలేదు. 

"సాకే రుచి ఎలా ఉంది?" అడిగింది మినోరి.

"దరిద్రంగా ఉంది. మూత మీది కాగితం కూడా వంకరగా అంటించి ఉంది. హెయికిచి పిసినారి కదా, ఈసారి చవక సరుకు కొన్నాడనుకున్నాను."

"చవక సరుకు కాదు. కలుపు మందు కలిపిన సరుకు. మీకోసం కాదు, మీ తీగకోసం. మీ చేత్తోనే, ఊరందరి ముందూ, మీ తీగని మీరే చంపుకోవాలని. ఇందాక హెయికిచి పందిరి కిందికొచ్చి మీరెలా ఉన్నారని అడగలేదు, ఆకులు రాలట్లేదేమని అడిగాడు." మినోరి అప్పడం పొడి దులుపుకుంది. ఆమె ముఖంలో తప్పిపోని పిల్లిని కూడా పట్టేసిన గర్వం ఉంది. "హెయికిచి చేసిన పొరపాటు ఒక్కటే. ఊరంతట్లో మీ మాట పూర్తిగా నమ్మినవాడు ఆయనొక్కడే తాతయ్యా."

గెంపాచి ఆ మాట నమిలి నమిలి మింగాడు. విషం కంటే అదే ఎక్కువ చేదుగా ఉన్నట్టుంది.

"కథ బాగుంది," అన్నాడు తొగాషి చివరికి. గొంతులో పాత బింకం చాలావరకు పోయింది, కానీ ఇంకా కొంచెం మిగిలే ఉంది. "రుజువు? సీసా ఈయన కడిగేశాడు. సాకే మొత్తం ఈయన తాగేశాడు. హెయికిచి కాదంటే ఏం చేస్తావ్?"

"మొత్తమా?" గెంపాచికి కోపం వచ్చింది. "అంత సీసా ఒక్కణ్ణే తాగడానికి నేనేమన్నా సంస్కారం లేనివాణ్ణా? సగమే తాగాను. మిగతా సగం ఏటా ఇంకొకరి వాటా. ఫ్లాస్కులో పోసి ఇస్తాను. చెప్పనని మాటిచ్చాను, అందుకే ఇందాక..." ఆగి, తొగాషి ముఖంలోకి చూశాడు. "వాళ్ల అబ్బాయి ఇంట్లో చుక్క తాగనివ్వడట. ఇన్‌స్పెక్టరుట."

తొగాషి జేబుల్లోంచి రెండు చేతులూ ఒకేసారి బయటికొచ్చాయి.

"మా నాన్నా?"

"కంగారుపడకు. మీ నాన్న నాలాంటివాడు కాదు, పద్ధతి ఉన్న మనిషి. సుమో కుస్తీల్లో ఇవాగురుమా గెలిచిన రోజునే తాగుతాడు. ఈ పోటీల్లో ఇవాగురుమా మొదటి రోజు నుంచీ ఓడిపోతూనే ఉన్నాడు. అందుకే మీ నాన్న బతికున్నాడు."

ముగ్గురూ ఒకేసారి టీవీ వైపు తిరిగారు. వలయంలోకి ఒక కొండ నడిచి వస్తోంది. ఆచారం ప్రకారం ఉప్పు తీసి చల్లింది. కింద పేరు పడింది. ఇవాగురుమా.

తొగాషి ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. మోగుతోంది. మోగుతూనే ఉంది. "ఎత్తు నాన్నా. ఎత్తు."

"కుస్తీలు అయ్యేదాకా ఎత్తడు," అన్నాడు గెంపాచి. "మీ అమ్మ నొప్పులు పడుతున్నప్పుడు కూడా ఎత్తలేదు. నువ్వు పుట్టిన సంగతి మర్నాడు తెలిసింది."

కొండలు రెండూ ఢీకొన్నాయి. ఇవాగురుమా వెనక్కి జారాడు. ఒక మడమ వలయం అంచు మీదికి పోయింది. ఓడిపోరా నాయనా అని మినోరి జీవితంలో మొదటిసారి ఒక పహిల్వాను కోసం దణ్ణం పెట్టుకుంది. ఇవాగురుమా ఒంటికాలి మీద తిరిగాడు. ఎదుటివాడి నడికట్టు పట్టుకుని, ఇన్ని రోజుల ఓటముల కసినీ కలిపి అవతలికి విసిరాడు. ఆ పహిల్వాను మొదటి వరసలో కూర్చున్న జనం ఒళ్లో పడ్డాడు.

వార్డంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. సెలైన్ స్టాండ్లు గలగలలాడాయి.

తొగాషి పోలీస్ స్టేషన్ నంబరు నొక్కాడు. "హోషీ! మా క్వార్టర్సుకి పరిగెత్తు, స్టేషను వెనకే కదా! మా నాన్న చేతిలో ఫ్లాస్కు ఉంటే లాక్కో!"

"సార్, నా కాలికి పిండికట్టు," అంది ఫోన్లో కానిస్టేబుల్ గొంతు. "మీకు తెలుసు కద్సార్."

"ఇంకెవరున్నారక్కడ?"

"ఎవరూ లేరు సార్. అందరూ చెత్తకుండీల్లో ఉన్నారు. నేనూ, లాకప్పులో ఉబుకతగారి కోడలూ, అంతే."

తొగాషి కళ్లు మూసుకున్నాడు. ఇక్కణ్ణించి ఇంటికి కారులో పావుగంట.  అనాల్సిన మాట అతని నోట్లోనే ఉందని మినోరికి తెలుసు, అది బయటికి రావడానికి ఎంత బరువో కూడా తెలుసు.

"తాళం తియ్యి," అన్నాడు తొగాషి. "ఆవిడకి చెప్పు, మా నాన్న దగ్గర ఫ్లాస్కులో విషం ఉందని. తాగకుండా ఆపమని చెప్పు. నేను... నేను అడిగానని చెప్పు."

ఫోన్లో కుర్చీ జరిగిన చప్పుడు. ఒంటికాలి మీద గెంతుతున్న బూటు చప్పుడు. తాళాలగుత్తి. ఏదో రెండు మాటలు, వినపడలేదు. ఆ తర్వాత చెప్పుల్లేని పాదాల పరుగు, దూరమైపోతూ.

"దారి చెప్పక్కర్లేదు," అన్నాడు గెంపాచి, దిండు సరిచేసుకుని మళ్లీ నిటారుగా కూర్చుంటూ. "మీ నాన్న ఫ్లాస్కు మూత తిప్పేలోపే మీ పెరటి గోడ దూకేస్తుంది. మా కోడలు. మా ఇంటి మనిషి."